పెరట్లో రెండో పొయ్యి

మాలకొండయ్య నిద్ర లేచేసరికి పెరట్లో రెండు పొగలు లేస్తున్నాయి.

ఒకటి వంటపాక మీంచి. అది ఎప్పుడూ లేచేదే. తమ్ముడి భార్య కామమ్మ అక్కడ సంగటికి ఎసరు పెట్టి, పక్కన నిన్నటి చేపల పులుసు వెచ్చబెడుతోంది. రెండోది పెరటి చివర, చిన్న తాటాకు చూరు కింద నుంచి. అక్కడ గొంతుక్కూర్చుని పొయ్యి ఊదుతున్నది అమ్మ చెంచమ్మ. పొగకు కళ్ళ నీళ్ళు కారుతుంటే కొంగుతో తుడుచుకుని మళ్ళీ ఊదుతోంది. పొయ్యి మీద చిన్న కుండ, అందులో గుప్పెడు బియ్యం.

అది అరవైరెండో సంవత్సరం డిసెంబరు. అనంతపురం జిల్లాలో ఒక హైస్కూలు టీచరుగా ఉన్న మాలకొండయ్య క్రిస్మసు సెలవులకు దిబ్బపాలెం వచ్చాడు. ఊరు పులికాటు సరస్సు ఒడ్డున ఉంటుంది. ఊళ్ళో అందరూ వల మీద బతికేవాళ్ళే. తొమ్మిదో ఏట నెల్లూరు హాస్టలుకు పోయి, బి.ఏ. దాకా చదివినవాడు అతనొక్కడే. భార్య ప్రమీలకు నెలలు నిండుతుండడంతో ఈసారి ఒక్కడే వచ్చాడు. చేయవలసిన పనులన్నీ పరీక్ష కాగితం వెనక రాసుకుని మరీ వచ్చాడు. హాస్టలుకు పోకముందు సూళ్ళూరుపేటలో చదివిన బడి నుంచి పుట్టినతేదీ కాగితం తీసుకోవాలి. అమ్మకు చత్వారం కళ్ళజోడు కొనాలి. చిన్ననాటి నేస్తం పోలేరయ్యను చూడాలి. తను పనిచేసే బడి హెడ్మాస్టరు గారింటికి ఎండురొయ్యలు పట్టుకుపోవాలి. ఆ కాగితంలో అమ్మ వేరే పొయ్యి మీద ఎందుకు వండుకుంటోందో కనుక్కోవాలి అన్న పని లేదు.

పోయినసారి వచ్చినప్పుడు కూడా అక్కడ ఒక పొయ్యి చూసిన గుర్తు. నీళ్ళు కాచుకునేదేమో అనుకున్నాడు. రెండు రోజులుండి పోయాడు, అంతకంటే పట్టించుకోలేదు.

తమ్ముడు మస్తానయ్యా తనూ తినడానికి కూర్చున్నారు. కామమ్మ ఇద్దరికీ సంగటి పెట్టింది. అమ్మ మాత్రం రాలేదు. తన చూరు కిందే, తన కుండలోంచి తనే పెట్టుకుంది. ఇక్కడికి వచ్చి తినమని మాలకొండయ్య పిలిస్తే, నాకు ఇక్కడే బాగుండాది లేరా అంది చెంచమ్మ, తల ఎత్తకుండా. కామమ్మ గబగబా పులుసు గిన్నె తీసుకుని లోపలికి పోయింది. అతను తమ్ముడి ముఖంలోకి చూశాడు. మస్తానయ్య చేయి కడుక్కుంటూ, వల తడిసి ఉండాదన్నా, ఆరేయాల అని లేచిపోయాడు.

మాలకొండయ్య ముద్ద సగంలో వదిలి లేచాడు.

పోలేరయ్య సైకిలు తెచ్చాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే చొక్కా మార్చి మార్చి తొడుక్కున్నవాళ్ళు. పోలేరయ్య పెళ్ళయి తండ్రి నుంచి వేరుపడి రెండేళ్ళయింది. సూళ్ళూరుపేట దాకా మాట్లాడుకుంటూనే పోయారు. చైనాతో యుద్ధం సంగతి అడిగాడు పోలేరయ్య. పిల్లలతో కలిసి ఊరూరా తిరిగి రక్షణనిధికి పాత బట్టలూ బంగారమూ పోగు చేసిన సంగతి మాలకొండయ్య చెప్పాడు. తర్వాత మాట అమావాస్య మీదికి మళ్ళింది.

సరస్సు సముద్రంలో కలిసే చోట వల కట్టే తావులు కొన్నే ఉన్నాయి. ఊరందరికీ చాలవు. అందుకని ఏడాదికొకసారి, మార్గశిర అమావాస్య నాడు, ఊరి పెద్ద అయిన పెదకాపు ఎదుట చీట్లు తీసి వంతులు పంచుకుంటారు. మస్తానయ్య రెండు వంతులు చేసుకుంటున్నాడు. ఒకటి అతనిది, రెండోది చనిపోయిన నాన్న పేరున వస్తున్నదని మాలకొండయ్య అనుకునేవాడు. ఆ రెండింటి మీదే ఇల్లు నడుస్తోంది. ఒకటే అయితే ఏడాదిలో సగం రోజులు మస్తానయ్య ఇంకొకరి పడవలో కూలికి పోవాలి. ఆ సంగతి మాత్రం అతనికి బాగా తెలుసు.

"ఎల్లుండే చీట్లు. రెండేళ్ళుగా కాచుకోని ఉండా. ఎవురో ఒకరు వదిలితే గదా నాకు దొరికేది," అన్నాడు పోలేరయ్య. కొంచెం దూరం ఊరికే తొక్కి, మళ్ళీ నవ్వాడు. "నీకేంలే అయ్యోరా. మీది రెండు పొయ్యిల ఇల్లు."

మాలకొండయ్యకు చెంప మీద కొట్టినట్టయింది. అది ఎగతాళి అని అతనికి తెలుసు, దేనికి ఎగతాళి చేస్తున్నాడో కూడా తెలుసుననుకున్నాడు. పోలేరయ్యకు తన మీద ఒక కోపం ఉంది. కిందటేడు చేపలవాళ్ళ సొసైటీలో వలలకు నైలాను నూలు ఇస్తున్నారంటే, వయసు రెండేళ్ళు తగ్గించి అర్జీ రాసిపెట్టమని అడిగాడు. లేని వయసు రాయడం తన వల్ల కాదని మాలకొండయ్య జాబు రాశాడు. పోలేరయ్యకు నూలు రాలేదు. ఆ ఉక్రోషం ఇట్లా తీర్చుకుంటున్నాడనుకున్నాడు.

కానీ దారిలో ఎదురైన, ఊళ్ళో చేపలమ్మే వెంకటశేషమ్మ కూడా అదే మాట అంది. ఆమె చేపలగంప నెత్తిన పెట్టుకుని పోతూ ఆగి, ఎప్పుడొచ్చినావు నాయనా, మీ అమ్మ రెండో పొయ్యి బాగా వెలగతా ఉండాదా అని అడిగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పోయింది. అంటే ఊరంతటికీ తెలుసు. తల్లిని వేరు పెట్టారని ఊరంతా నవ్వుకుంటోంది. తెలియనివాడు తనొక్కడే.

సూళ్ళూరుపేట బడిలో హెడ్మాస్టరు లేడు. సెలవులయ్యాక రమ్మన్నారు. బస్టాండు ఎదురుగా ఉన్న అంగట్లో కళ్ళజోడు కొన్నాడు. పోలేరయ్య ఒకటి పెట్టుకుని చూసి, మునసబులా ఉన్నానా అని అడిగాడు. మాలకొండయ్య నవ్వలేదు. తిరిగి వస్తుంటే ఎదురుగాలి చల్లగా కోస్తోంది. చిత్తడి నేలల్లో గూడబాతులు గుంపుగా దిగుతున్నాయి. చిన్నప్పుడు వాటిని చూడడానికి ఎంత దూరమైనా పరుగెత్తేవాడు. ఆ రోజు వాటి వంక కూడా చూడలేదు. అమ్మ కారుతున్న కళ్ళే కనిపిస్తున్నాయి.

మర్నాడు పొద్దున అతను చూసింది ఇంకా అన్యాయంగా ఉంది. అమ్మ తన చాప, దుప్పటి, చెంబు కూడా ఆ చూరు కిందికి తెచ్చుకుంది. పొయ్యిని ఎర్రమట్టితో అలికి, పక్కన ముగ్గు వేసింది. చూరుకు కట్టిన తాడు మీద ఒక చీర ఆరేసి ఉంది. అది ప్రమీలది. పెళ్ళయిన కొత్తల్లో ఇక్కడ మరచిపోయిన పచ్చ చీర. తన భార్య చీర కూడా వాళ్ళే వాడేసి, పాతదయ్యాక అమ్మ ముఖాన కొట్టారనుకున్నాడు.

చాప ఇక్కడికెందుకు తెచ్చావని అడిగితే, ఈ ఒక్క రోజే లేరా, నువ్వు పోలేరయ్యతో అట్లా తిరిగి రాపో అంది అమ్మ. ఆమె గొంతులో తొందర ఉంది. తనను ఇంట్లోంచి పంపించాలని చూస్తోంది. కొడుకు చూస్తే బాధపడతాడని దాస్తోందని అర్థం చేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మస్తానయ్య సరస్సు మీంచి వచ్చాడు. నడుము దాకా తడిసి ఉన్నాడు. బుట్ట దించకముందే మాలకొండయ్య ఎదురుపోయి నిలబడ్డాడు.

"అమ్మను వేరు పెట్టినావంట్రా."

మస్తానయ్య బుట్ట దించి దడి వైపు చూశాడు. దడి అవతల పక్కింటి వాకిట్లో ఎవరో మాట్లాడుతున్నారు.

"అన్నా, లోపలికి రా. నిదానంగా చెప్తా."

"లోపల ఏంది చెప్పేది? ఊరంతా నవ్వతా ఉంది. ముసలామెకు రెండు ముద్దలు పెట్టలేకపోతే నాకో కార్డు రాయి. నేను తీసకపోతా."

"గొంతు తగ్గించు అన్నా. నీకు దండం పెడతా."

తగ్గించమన్నకొద్దీ పెరిగింది. తప్పు చేసినవాడే నలుగురు వింటారని భయపడతాడు అన్నాడు మాలకొండయ్య. నాన్న పోయేటప్పుడు అమ్మ చేయి ఎవరి చేతిలో పెట్టాడో మరిచిపోయావా అని అడిగాడు. కామమ్మ వంటపాక గుమ్మంలోకి వచ్చి, బావా, కాసేపు ఓర్చుకోండి, పెదకాపు పక్కింట్లోనే ఉన్నాడు అంది. ఆమె ఎప్పుడూ అతనికి ఎదురుగా నిలబడి మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడిందే చాలనిపించింది అతనికి.

"ఇదంతా నీ పనే. కాపరానికి వచ్చి అత్తకు కుండ వేరు చేసినదానివి, నాకు బుద్ధులు చెప్తావా?"

కామమ్మ ముఖం మాడిపోయింది. చెంచమ్మ లేచి వచ్చి కొడుకు రెక్క పట్టుకుంది, వద్దురా, వద్దురా, నీకు తెలీదు అంటూ. అతను రెక్క విదిలించుకున్నాడు. గబగబా చూరు కిందికి పోయాడు. ముగ్గు తొక్కుకుంటూ పోయి, కొత్తగా అలికిన ఆ పొయ్యిని కాలితో తన్నాడు. ఒక తన్నుకు కుండ దొర్లింది. రెండో తన్నుకు పొయ్యి గోడ విరిగి నిప్పులు మట్టిలో పడ్డాయి. పచ్చ చీరను లాగి చంకలో పెట్టుకున్నాడు.

తలెత్తేసరికి దడి దగ్గర పెదకాపు హజరత్తయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో ముడులు వేసిన నూలుతాడు ఉంది. వెనక ఇద్దరు పెద్దలున్నారు. తడి మట్టిలో నిప్పులు సుయ్యిమంటున్నాయి.

"ఏంది అబ్బయ్యా ఇది?" అని అడిగాడు హజరత్తయ్య.

మాలకొండయ్య రొప్పుతూనే, గర్వంగా చెప్పాడు. "ఈ ఇంట్లో ఇక ఒకటే పొయ్యి మామా. మీరందరూ సాక్షి."

హజరత్తయ్య మస్తానయ్య వైపు చూశాడు. మస్తానయ్య తల వంచుకున్నాడు. ముసలాయన తాడు మీద వేళ్ళు జరిపి, ఒక ముడి దగ్గర ఆగాడు. ఆ ముడిని విప్పలేదు. పట్టుకునే ఉన్నాడు. "రేపు చీట్ల దగ్గరకు రా. ఈ మాట అక్కడ చెబుదువు," అని ముందుకు సాగిపోయాడు.

వాళ్ళు వినపడనంత దూరం పోయేదాకా ఇంట్లో ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత చెంచమ్మ వచ్చి కొడుకు ముందు నిలబడింది. ఆమె ఏడవడం లేదు. ఆమెకు అంత కోపం రావడం మాలకొండయ్య పుట్టాక చూడలేదు.

"ఎవురి పొయ్యిరా అది?"

"నీదే గదా."

"నీది. నీ పెండ్లాం పాలు పొంగిచ్చిన పొయ్యి. మూడేండ్లుగా ఒక్కపూట ఆరనీలా. గాలివానొచ్చి చూరు లేచిపోతే నా కోక కప్పి కాపాడినా. నాకు జొరమొస్తే కామమ్మ ముట్టిచ్చింది. నువ్వొచ్చి కాలితో తన్నినావు."

అప్పుడు మస్తానయ్య చెప్పాడు, ఒక్కొక్క మాటా కొట్టినట్టు. ఊళ్ళో పొయ్యి ఉన్నవాడికే సరస్సులో వంతు. మనిషి పోతే వంతు పోతుంది. నాన్న వంతు నాన్నతోనే పోయింది. రెండో వంతు మాలకొండయ్యది. పెళ్ళయిన మగవాడికి ఊళ్ళో సొంత పొయ్యి వెలుగుతుంటే ఒక వంతు ఇస్తారు. పెళ్ళయిన మూడో రోజు ఆడవాళ్ళు ప్రమీల చేత పెరట్లో పాలు పొంగించారు. అదేదో పెళ్ళి వేడుక అనుకుని మాలకొండయ్య పక్కన నిలబడి నవ్వాడు. వాళ్ళు అనంతపురం వెళ్ళిపోయిన రోజు నుంచి ఆ పొయ్యి మీద చెంచమ్మ వండుతోంది. అమావాస్యకు ముందు రోజు పెదకాపు ఇల్లిల్లూ తిరిగి పొయ్యిలు చూస్తాడు, తాడు మీద పొయ్యికొకటిగా వేసిన ముడులతో సరిపోల్చుకుంటాడు. అందుకే ఆ అలకడం, ముగ్గు, చాప. కోడలు కూడా వచ్చి ఉంటోందని చూపడానికే ఆ చీర.

మాలకొండయ్య చంకలోని చీర జారి కింద పడింది. నాకెందుకు చెప్పలేదని అడిగాడు. తనకే వినపడనంత చిన్నగా అడిగాడు.

జవాబు కామమ్మ చెప్పింది. "చెప్తే ఒప్పుకుంటారా బావా? పోలేరయ్యన్నకు రెండేళ్ళ వయసు మార్చి రాయమంటే నాలుగు పేజీల నీతులు రాసి పంపినారు. ఆ జాబు ఊళ్ళో అందరూ చదివిచ్చుకోని విన్నారు. మీ పేరు మీద దొంగపొయ్యి పెట్టినారని మీరే పోయి పెదకాపుతో చెప్తారని అత్త భయపడింది. మీరు సెలవుల్లో వస్తా ఉండారని జాబు వచ్చిన కాడ నుంచి ఆమెకు నిద్ర లేదు." ఆమె రెండు చేతులూ ముందుకు చాచింది. అరచేతుల నిండా చిల్లకంప ముళ్ళు గీరిన గీతలు. "రెండు పొయ్యిలకూ కంప కొట్టకొచ్చింది నేను. అత్తకు కుండ వేరు చేసిందాన్నంట నేను."

ఇంత మాట అని ఆమె లోపలికి పోయింది. మాలకొండయ్య తను తెచ్చిన కళ్ళజోడు తీసి అమ్మకు ఇవ్వబోయాడు. దాంతో నేనేం చూడాలరా ఇప్పుడు, అని ఆమె ముఖం తిప్పుకుంది.

మర్నాడు పడవలు లాగే ఇసుక దిబ్బ మీద ఊరంతా చేరింది. మధ్యలో కుండ, దాంట్లో తాటాకు చీట్లు. ఇంటి నుంచి బయల్దేరే ముందు మస్తానయ్య అన్నతో రెండే మాటలు మాట్లాడాడు. పెదకాపు మంచోడు, నిన్న ముడి విప్పలా. కాలు తగిలి పడిందని చెప్పు, చాలు. అంతకుమించి అతను ప్రాధేయపడలేదు. కోపం ఇంకా అతని దవడలో కదులుతూనే ఉంది.

హజరత్తయ్య ఒక్కొక్క ముడే తడుముతూ ఒక్కొక్క ఇంటి పేరు చదివాడు. మాలకొండయ్య పేరు దగ్గర ఆగాడు. ఆడవాళ్ళ వైపు చెంచమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

"నిన్న మీ పెరట్లో పొయ్యి పడింది. నువ్వు ఊళ్ళో తిరిగేవాడివి కాదు, చూసుకోకుండా నడిచి ఉంటావు. కాలు తగిలిందా అబ్బయ్యా?"

ఊరు మొత్తం అతని నోటి వంక చూస్తోంది. అవునంటే చాలు. తమ్ముడికి ఏడాది కూలి తప్పుతుంది. ఎంత చిన్న అబద్ధం అది. పిల్లలు బడిలో రోజూ పది చెబుతారు. అవును అనబోతూ అతను గుంపు చివర నిలబడ్డ పోలేరయ్యను చూశాడు. వంతు లేనివాళ్ళు నిలబడే చోట, తువ్వాలు రెండు చేతుల మధ్య మెలిపెడుతూ ఉన్నాడు పోలేరయ్య. రెండేళ్ళుగా అతను అక్కడే నిలబడుతున్నాడు. ఎవరో ఒకరు వదలాలి అన్న మాటకు అర్థం ఇప్పుడు తెలిసింది. పోలేరయ్యకు అడ్డంగా ఉన్నది తన పొయ్యే. అది తెలిసి కూడా, నూలు పోగొట్టుకుని కూడా, ఈ రెండేళ్ళలో పోలేరయ్య నోరు విప్పలేదు. ఒక్క ఎగతాళి మాటతో సరిపెట్టాడు. ఆ మనిషి కోసం చెప్పలేనన్న అబద్ధం ఆ మనిషి ఎదుటే తన ఇంటి కోసం చెప్పాలి.

"కాలు తగల్లేదు మామా. తన్నినా. తెలియక, కోపంతో తన్నినా. ఇంకో మాట. మూడేండ్లలో ఆ పొయ్యి మీద నేను ఒక్క మెతుకు తినలా. నా కాపురం ఇక్కడ లేదు. ఈ వంతు అడిగే హక్కు నాకు లేదు."

మస్తానయ్య ఇసుకలో ఉమ్మేశాడు. హజరత్తయ్య తాడు మీద ఆ ముడిని పట్టుకున్నాడు.

"ఆ సంగతి మాకు తెలీదనుకున్నావా? ఊరి నుంచి ఒకడు పైకి పోయినాడు, వాడి పొయ్యి ఆరకుండా ముసలిది కాపాడుకుంటా ఉండాది, పోనీలే అని ఊరు కండ్లు మూసుకుంది. నువ్వొచ్చి తెరిపిచ్చినావు." ఆయన ముడి విప్పాడు. "పోలేరయ్యా, ఇట్లా రా."

పోలేరయ్య ముందుకు వచ్చాడు. అతని ముఖంలో సంతోషం లేదు. చీటీ తీసి, చూసుకోకుండా మడిచి, చెవి సందున పెట్టుకున్నాడు. చెంచమ్మ అప్పటికే వెనక్కి తిరిగి ఇంటికి నడుస్తోంది.

ఆ రోజంతా, మర్నాడంతా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. కామమ్మ అన్నం పెట్టేది, విస్తరి వంక చూసి పెట్టేది. మస్తానయ్య అన్న ఎదుటికే రాలేదు. ఒకసారి మాత్రం వాకిట్లో వల బాగుచేస్తూ, ఎవరికో చెప్పినట్టు, నిజాలు చెప్పుకుంటా నెలజీతం తీసుకునేవాళ్ళకేం, అన్నాడు.

చెంచమ్మ ఇప్పుడు వంటపాకలోనే తింటోంది. తను కోరుకున్నది అదే కదా అనుకున్నాడు అతను. కానీ ఆమె ముద్ద కలిపి, కలిపి, అట్లాగే పెట్టుకుని కూర్చునేది. మూడో రోజు మధ్యాహ్నం ఇక ఆగలేక పక్కన కూర్చుని అడిగాడు. వంతు పోయిందని నన్ను తిట్టమ్మా, కొట్టమ్మా, తినడం ఎందుకు మానేస్తావు అని.

చెంచమ్మ ముద్దను పక్కకు తోసింది. ఆమె కోపం ఇంకా పోలేదు, గొంతులో ఉంది. "వంతు కోసమే వండినాననుకున్నావా? మస్తానయ్య ఇంట్లో నాకేం తక్కువరా. ఆ పిల్ల నన్ను కూర్చోబెట్టి పెడతాది. పెద్దోడివి నువ్వు. నీ ఇంట్లో నేనొక్కనాడు తిన్నానా? ఆ చూరు కింద కూసోని రెండు మెతుకులు తినేటప్పుడు, నా పెద్దకొడుకు ఇంట్లో తింటా ఉండా అనుకునేదాన్ని. కోడలు చీర ఎదురుగా యాలాడతా ఉంటే, ఆ పిల్ల ఏదో పనిమీద లోపలికి పోయిందిలే అనుకునేదాన్ని."

మాలకొండయ్య అనంతపురం తీసుకుపోతానని జాబుల్లో ఎన్నిసార్లు రాశాడో. ప్రతిసారీ ఏదో ఒక పరీక్ష, ఏదో ఒక తనిఖీ. తల్లిని వేరు పెట్టింది ఎవరో ఇప్పుడు తెలిసింది. ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఏడ్చాడు. ఆమె చేయి లాక్కోలేదు. ఊరుకోమని కూడా అనలేదు.

బయట పోలేరయ్య గొంతు వినిపించింది. మస్తానయ్య వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడు.

"ఏందిరా, మా వంతు నీకొచ్చింది, ఇంకా ఏం కావాల?"

"మాటలు తర్వాత. వంతు వచ్చింది, సరే. నాకు పడవ ఉందా? తావుకు పనికొచ్చే వల ఉందా? మీ అన్న పుణ్యమా అని నూలు కూడా లేకపాయె. నీ పడవ, నీ వల. నా వంతు. సగం సగం. ఇష్టముంటే రేపు మొదటి తావు మనదే. లేదంటే ఇంకొకరి గడప తొక్కతా."

మస్తానయ్య చాలాసేపు తిట్టాడు. పోలేరయ్యను తిట్టాడు, అన్నను తిట్టాడు, చదువుల్ని తిట్టాడు. పోలేరయ్య అరుగు మీద కూర్చుని అన్నీ విన్నాడు. తిట్లు అయిపోయాక, పడవ అడుగున చీలిక ఉండాది, ముందు దాన్ని మూయాల, రా, అని మస్తానయ్యే ముందు నడిచాడు. పోలేరయ్య పోతూ పోతూ గుమ్మంలోంచి మాలకొండయ్య వంక చూసి అన్నాడు. "అయ్యోరా, నా నూలు నాకు బాకీనే. అది మరిచిపోబాకు."

ఆ సాయంత్రం మాలకొండయ్య సరస్సు ఒడ్డు నుంచి రెండు బుట్టల బంకమట్టి మోసుకొచ్చాడు. విరిగిన పొయ్యి చోటు శుభ్రం చేసి, మట్టిలో ఊక కలిపి తొక్కాడు. కామమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. అతను తల వంచుకునే, ఆ రోజు నేనన్న మాట తప్పమ్మా, నన్ను క్షమించు అన్నాడు. ఆమె లోపలికి పోయింది. కాసేపటికి ఒక చెంబు నీళ్ళు తెచ్చి అతని పక్కన పెట్టి, ఊక చాల్లేదు బావా, పగులుతాది, అని ఇంకో గుప్పెడు తనే మట్టిలో వేసింది.

ఇప్పుడు ఇదెందుకు, దీనికి ముడి లేదు గదా అని అడిగింది చెంచమ్మ. వంతు కోసం కాదన్నాడు అతను. సెలవులున్న ఈ నాలుగు రోజులూ ఇక్కడే, ఆమె వండింది తింటానన్నాడు. నెలల బిడ్డతో ప్రమీలను వేసవిలో తీసుకొస్తానని, మళ్ళీ పాలు పొంగిస్తుందని, ఆ తర్వాత అమ్మను తమతో తీసుకుపోతానని చెప్పాడు. ఇట్లాంటివి చాలా విన్నాను అంది ఆమె.

కానీ అక్కడే కూర్చుంది. కొంగు ముడిలోంచి కళ్ళజోడు తీసింది. ఎప్పుడు దాచుకుందో. చెవులకు తగిలించుకుని, పొయ్యి మీదికి వంగి, ఇటు నుంచీ అటు నుంచీ చూసింది.

"వంకర పెట్టినావు. కుండ నిలవదు. ఆ కుడిపక్క కూలగొట్టి మళ్ళీ కట్టు." ఆమె కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకుంది. "కూలగొట్టేది నీకు తెలిసిన పనే గదా."

మాలకొండయ్య కుడిపక్క గోడను రెండు చేతులతో మెల్లగా విప్పి, మట్టి మళ్ళీ పిసకడం మొదలుపెట్టాడు.